తాళం వేశాకే బెల్టు ముట్టుకో

సత్యక్కకి,

నీ తమ్ముడు శ్రీను నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నువ్వు, మీ అత్తయ్యగారు, బుజ్జి ఎలా ఉన్నారు? అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? ఫోనులో అయితే బావ మాట రాగానే ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటాం, చెప్పాల్సింది మిగిలిపోతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ఈ ఎడారిలో ఎండలు ఇంకా తగ్గలేదు. పునాది గోతుల్లోంచి నీళ్ళు తోడే పంపుల దగ్గరే నా పని. గదిలో వంతులవారీగా వండుకుంటాం. నిన్న నా వంతు, చేపల పులుసు పెట్టాను. చింతపండు ఎక్కువై అందరూ మొహాలు చిట్లించుకుని తిన్నారు. నువ్వుంటే గరిటె లాక్కునేదానివి. తిండికేం లోటు లేదు, దిగులుపడకు. సాయంత్రాలే గడవవు. బావ ఆఖరిచూపు కూడా నాకు ఫోనులోనే అయింది, అది గుర్తొస్తే అన్నం సయించదు.

రొయ్యల చెరువు కౌలుకిచ్చెయ్యమని అందరూ చెప్పినా నువ్వు వినలేదట. కొత్త పంపు దించారనీ, మంచి శుక్రవారం చూసి నువ్వే స్విచ్ వేస్తానన్నావనీ అత్తయ్యగారు చెప్పారు. నేను వద్దనను. వద్దంటే ఆగే మనిషివా? బుజ్జి చదువు ఆ చెరువు మీదే ఉంది. కానీ బావ పడిపోయిన చోటే నువ్వు నిలబడతావని తలచుకుంటే భయంగా ఉందక్కా.

ఆవేళ కరెంటు పోయి ఉంది. ప్రతి శుక్రవారంలాగే బావ పంపుకి బొట్టు పెట్టి, వంగి పుల్లీకి దండ చుడుతున్నాడు. స్టార్టరు ఆటోలో ఉంది. కరెంటు వచ్చింది, మోటారు దానంతటదే తిరిగింది, దండతోపాటు బావ చెయ్యీ బెల్టులోకి పోయింది. మనవైపు అందరూ అంతే. కరెంటు లేకపోతే మోటారు ఆపినట్టే అనుకుంటారు. కరెంటు పోవడం వేరు, మనం ఆపడం వేరు.

ఇక్కడ ప్రతివాడికీ సొంత తాళం ఇస్తారు. బెల్టు ముట్టుకునే ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోవాలి. మా సూపర్‌వైజరు మలయాళీ. ప్రతిసారీ "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని అడుగుతాడు. మొదట్లో వెనక నవ్వుకునేవాళ్ళం. బావ పోయాక నాకు నవ్వు రావడం లేదు.

నాతో పనిచేసే నరసాపురం సత్తిబాబు సెలవుకి వస్తున్నాడు. ఈ ఉత్తరంతోపాటు ఒక ఎర్ర తాళం ఇచ్చి పంపుతున్నాను. అది అందేదాకా పంపు జోలికి వెళ్ళకు. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఆటో తీయించెయ్యి, తాళం పట్టే మెయిన్ పెట్టించు. తాళం వేశాక రెండు పుల్లీల ముఖాల మీదుగా దారం లాగి పట్టించు. దారం రెండింటికీ సమంగా ఆనితే వరస కుదిరినట్టు. బెల్టుని మధ్యలో బొటనవేలితో నొక్కితే కాస్త దిగాలి. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి, వదులైతే జారుతుంది. పంపులో గాలి లేకుండా నిండా నీళ్ళు పోయించు. బెల్టు మీద ఇనప జాలీ బిగించాకే తాళం తియ్యి. తాళంచెవి కొంగున ముడేసి, ఆ కొంగు నడుముకి గట్టిగా దోపుకో. స్విచ్ వేసేటప్పుడు బెల్టుకి ఎదురుగా నిలబడకు. కీచుమన్నా, రబ్బరు కాలిన వాసనొచ్చినా చెయ్యి పెట్టకు. ఆపి, తాళం వేసి, అప్పుడు చూడు. కాస్త పెద్దమనిషిలా మాట్లాడుతున్నాను, ఏమనుకోకు.

ఇంకొక్క మాట. ఆవేళ దండ కట్టింది నువ్వేనని అప్పట్నించీ పువ్వు ముట్టడం లేదట. బుజ్జి అడిగినా జడలో పెట్టడం లేదట. అత్తయ్యగారు ఈ మాట చెబుతూ ఏడ్చారు. బావని తీసుకుపోయింది నీ దండ కాదక్కా. స్విచ్ ఎవరూ ఆపలేదు, అంతే.

అత్తయ్యగారి పాదాలకి నా నమస్కారాలు చెప్పు. బుజ్జికి ముద్దులు. చెరువులో నీళ్ళు పడుతుంటే ఒక ఫొటో తీసి పెట్టు. తమ్ముడు చల్లగా ఉండాలని దీవించు.

శుక్రవారం పంపుకి బొట్టు చాలు, అదీ తాళం వేశాకే. పెరట్లో కనకాంబరాలు కోసి ఎప్పట్లాగే దండ కట్టు. సగం బావ ఫొటోకి వెయ్యి. సగం బుజ్జి జడలో పెట్టు.

నీ తమ్ముడు,
శ్రీను