ఆదివారం దిగిపోయే చెరువు

బోరబండ,
మంగళారం, 9 మార్చి 1999

చిరంజీవి కిరణ్ పాల్‌కు మీ తాత ఏసురత్నం దీవించి రాసేదేందంటే, ఈ నడుమ ఉస్మానియా బిస్కెట్టు సన్నగైంది. నిన్న చాయ్‌ల ముంచిన. చెయ్యి పైకొచ్చింది గానీ బిస్కెట్టు రాలే. చెంచతోని దేవులాడితే అడుగున బురద లెక్క దొరికింది. బేకరీ ఆయనను నిలదీస్తే "బిస్కెట్టు గదే తాతా, నువ్వు ముంచుడు ఎక్కువైంది" అన్నడు. ఆ దుకాణం మారుస్త మారుస్త అని ఆరు నెలల సంది అనుకుంటున్న. మారిస్తే ఇగ తిట్టనీకె ఎవరున్నరని ఆగిన.

అది ఇడిసిపెడితే ఇక్కడ అందరం మంచిగనే ఉన్నం. నువ్వు గూడ ఆ కొండ కాడ పవర్‌హౌసుల పాణం మంచిగుండి యాళ్లకు తింటున్నవనుకుంట. అందరం అంటే ఎవరనుకున్నవు? మీ నాయన శామ్యూల్ మాదాపూర్ల ఆ గుండ్రటి కొత్త బిల్డింగుల వైర్ల పనికి పొద్దుగాల ఏడింటికి పోతే మాపటికి ఎనిమిదింటికి వస్తడు. మీ అమ్మ ప్రశాంతికి దవాఖానల డ్యూటీ. ఆమె వచ్చేటాళ్లకు నేను సగం నిద్రల ఉంట. పొద్దంత ఇంట్ల నేను, ఫ్యాను ఉంటం. కరెంటు పోతే నేనొక్కణ్ణే.

నా రోగం నీకెర్కే గద. నాకు మాట పడే మనిషి కావాలె. నువ్వున్నప్పుడు నీ కాలేజీ బూట్లల్ల ఒకటి బియ్యం డబ్బా ఎనక దాచిపెడితే గంటసేపు ఇల్లంత తిరిగి తిట్టెటోనివి. గా గంట ఎంత మంచిగుండె. మొన్న ఏమీ తోచక మీ నాయన చెప్పు దాచిన. ఆయన ఇంకో జత ఏసుకొని పోయిండు. గిట్ల చేస్తే మనిషి ఎట్ల బతుకుతడు చెప్పు?

మాపటికి ఆరున్నర ఏడు నడుమ మన గల్లీల బల్బు జర తెల్లగ మండుతది. అప్పుడు "కిరణ్‌గాడు పై చెరువు నీళ్లు ఇడిసిండు" అనుకుంట. నిజమో కాదో నాకెర్క లే. నువ్వు పుట్టించే కరెంటు బోరబండకే వస్తదని ఎవడు చెప్పిండు? ఆ గుండ్రటి బిల్డింగే అంత తాగేస్తదేమో. ఆడ పొద్దంత ఏసీ, మన గల్లీకి పొద్దంత కోత. అయినా అనుకుంట.

నీ ఉత్తరం శుక్రారం ముట్టింది. అద్దాలు పెట్టుకొని మూడు మాట్ల చదివిన. అమ్మకు నాయనకు వినిపియ్యమన్నవు. వినిపించిన. మెమో ముచ్చట రాసిన కాయితం మాత్రం దిండు కింద పెట్టి మిగిలిందే చదివిన. వాళ్లు పరేషాన్ అయితరని నీతోని అంటే నువ్వు నమ్ముతవు. అసలు కతేందో కిందికి పోయినంక రాస్త.

పన్ను నొప్పి తగ్గిందా అని అడిగినవు. పన్నే పోయింది, ఇగ నొప్పేడ ఉంటది.

పోయిన నెల 21 తారీఖు ఆదివారం గేటు కాడికి ఎవరో ముసలాయన వచ్చి నిన్ను అడిగిండని, పేరు చెప్పకుండ పోయిండని గార్డు అన్నడట గద, "నువ్వేనా తాతా" అని రాసినవు. నేనే. మా చర్చోళ్లు బస్సు మాట్లాడుకొని మీ కింది చెరువుకు పిక్నిక్ వచ్చిన్రు. మీ అమ్మకు నాయనకు డ్యూటీలు, నేనొక్కణ్ణే ఎక్కిన. నీకు ముందు చెప్పలే. నువ్వు బయటికొస్తుంటే ఎనకకెల్లి నీ చెవి పట్టుకోవాలె అనుకున్న. పదకొండు నెలలాయె నిన్ను చూసి. క్రిస్మస్‌కు గూడ షిఫ్టే అంటివి.

గార్డు "ఆయన కొండ లోపల షిఫ్టుల ఉన్నడు, నాలుగింటికి గానీ బయటికి రాడు. పేరు చెప్పు, ఫోన్ల చెప్త" అన్నడు.

"పేరు చెప్తే మజా పోతది" అన్న.

"మజా ఏందయ్యా, ఇది పవర్‌హౌసు" అన్నడు.

మా బస్సేమో మూడింటికి బయలెల్లుడు. నా అతితెలివి నాకే తగిలింది. చెరువు గట్టుకు వచ్చి కూసున్న.

అసలు మజా అంత ఆడనే అయింది. మా పాస్టరు గారు ముగ్గురికి బాప్తిస్మం ఇయ్యాలె, ఎనక బోటింగు, ఎనక అన్నం అని పెట్టుకున్నడు. బేస్తారం నాడు మనిషిని పంపి అడిగిస్తే నడుము దాంక నీళ్లున్నయని చెప్పిన్రట. నిజమే ఉన్నయట బేస్తారం. ఆదివారం మేం దిగేటాళ్లకు గూడ నీళ్లు మెట్టుకు తాకుతున్నయి. పాస్టరు గారు నిలబడి ప్రసంగం మొదలు పెట్టిండు. గంటంబావు చెప్పిండు. ఆయన చెప్పినంతసేపు చెరువు ఎనక్కి నడిచింది. ఆమెన్ అని కండ్లు తెరిచి చూస్తే నడుమ యాభై అడుగుల బురద.

బోటింగు టికెట్లిచ్చే మల్లమ్మ అని ఒకామె ఉన్నది గద, ఆమె చాట నిండ పల్లీలు ఒలుచుకుంట నవ్వుతున్నది. ఆమె పడవలకు కట్టిన తాళ్లు చూసిన, ఒక్కొక్కటి వంద అడుగులుంటది.

"ఏందమ్మా గింత పొడుగు తాళ్లు? పడవలు పారిపోతయా?" అన్న.

"పడవలు కాదే తాతా, చెరువే పారిపోతది" అన్నది.

ఆమె చెప్పినట్టు నువ్వు గూడ నాకు ఎన్నడు చెప్పలే. నువ్వు చెప్తే సగం ఇంగ్లీషు. ఆమె చెప్పింది: మాపటికి అందరిళ్లల్ల లైట్లు ఏస్తరు, అప్పుడు పై చెరువు నీళ్లు ఇడిసి కరెంటు పుట్టిస్తరు, కింది చెరువు నిండుతది. జనం పండుకున్నంక కరెంటు మిగులుతది, దానితోని అవే నీళ్లను మళ్ల పైకి ఎక్కిస్తరు. మామూలు దినాలల్ల తెల్లారితే ఆపుతరు. ఆదివారం ఫ్యాక్టరీలు బంద్, ఆఫీసులు బంద్, మస్తు కరెంటు మిగులుతది, అందుకే పొద్దంత ఎక్కిస్తనే ఉంటరు. "జనం వచ్చేది ఆదివారం. నీళ్లు పోయేది ఆదివారం. మా బతుకు గిట్లున్నది. శుక్రారం వస్తే నిన్ను చెరువు నడుమ దాంక తీస్కపోదును, శుక్రారం ఎవడొస్తడు?" అన్నది.

ఇగ పాస్టరు గారు తెల్ల బట్టలేసుకున్న ముగ్గురిని ఎంటబెట్టుకొని బురదల దిగిండు. ఆయన నాలుగడుగులు ఏస్తే నీళ్లు అడుగు దూరం జరుగుడు. మోకాలు దాంక దిగబడ్డడు. చెప్పు ఒకటి ఆడనే ఉండిపోయింది. ఆఖరికి మల్లమ్మే కేకేసి, ఇటుకల కొరకు మట్టి తవ్విన గుంతల నీళ్లు నిలిచి ఉన్నయి, ఆడ ముంచుకోండ్రి అని చూపించింది. మోకాలు దాంక వచ్చే గుంత. ముంచుడు ఏడిది, పండబెట్టి దొర్లిచ్చినట్టే అయింది. మన పక్కింటి కెజియా తెల్లగ పోయి ఇటుక రంగుల లేచింది.

"నవ్వకు తాతా" అన్నది.

"నేనేడ నవ్విన బిడ్డా, పళ్లు లేక నోరు తెరుచుకుంది" అన్న.

పాస్టరు గారు గూడ నవ్విండు. ఆయన నవ్వంగ నేను చూసుడు అదే మొదలు.

పిల్లలు మాత్రం ఏడ్చిన్రు. బోట్లన్ని బురదల ఒరిగి పండుకున్నయి. పెద్దోళ్లు అన్నాలు తిని చెట్ల కింద నడుం వాల్చిన్రు. నేను గట్టు కాడ ఒక పుల్ల గుచ్చిన, నీళ్లు ఏడి దాంక ఉన్నయో ఆడ. అరగంటకు ఇంకోటి. మల్లొకటి. ఐదు పుల్లలైనయి. నీళ్లు ఒక్కొక్క పుల్లకు దూరమైతుంటే, లోపల నువ్వున్నవు, పని చేస్తున్నవు అని నాకు ఎర్కైతున్నది. మీ అమ్మ దవాఖానల నాడి పట్టి చూస్తది చూడు, గట్ల అనిపించింది. అందరు ఆ చెరువును తిడుతున్నరు. నేనొక్కణ్ణి మా పిలగాడు ఎంత మంచిగ ఎక్కిస్తున్నడో అని చూసుకుంట కూసున్న. ఎవరికి చెప్పుకోవాలె? పక్కన మనిషి లేకపాయె.

ఇగ ఆ మెమో ముచ్చట.

బోటింగు కాడ ఫిర్యాదుల బుక్కుల ఎవరో రాసిపెట్టిపోయిన్రని, అది మీ పెద్ద సారు దాంక పోయిందని రాసినవు. "ఆదివారం నాడు చెరువు ఖాళీ చేసి ప్రజలను బురదలో దించినందుకు షిఫ్టు మనిషి స్వయముగా హైదరాబాదు వచ్చి నా ఎదుట సమాధానం చెప్పవలెను. రిటైర్డు తాసిల్దారు సీతారామాంజనేయులు, చందానగర్." గా రోజు షిఫ్టుల నువ్వే ఉన్నవు గనక, ఆయనను కలిసి తృప్తి పడ్డనని కాయితం రాయించుకొని 15 తారీఖు సోమారం లోపల తేవాలె, లేకపోతే నీ పర్మినెంటు ఆగుతదని మీ సారు అన్నడట. శనివారం లీవు పెట్టి వస్త, గాలోపల నువ్వు చందానగర్ పోయి ఆయన ఇల్లు దొరకబట్టు తాతా, నీ నోటికి ఎవరైనా కరుగుతరు అని నన్నే అడిగినవు.

పోయిన బిడ్డా. శనివారం పోయిన, నిన్న సోమారం గూడ పోయిన. చందానగర్ మార్కెట్ల కూరగాయలమ్మే ఓబులమ్మను అడిగితే "గంత పొడుగు పేరున్నాయన గీ సందుల పట్టడు, పెద్ద రోడ్డు మీద చూడు" అన్నది. పోస్టాఫీసుల అడిగిన. ఇస్త్రీ బండి ఆయనను అడిగిన. అందరు మంచిగ మాట్లాడిన్రు. ఇస్త్రీ ఆయన చాయ్ గూడ తాగిపిచ్చిండు. ఆ పేరున్న ముసలాయన ఎవరన్న నిజంగనే దొరికితే కాళ్లు పట్టుకొని ఒక సంతకం పెట్టిచ్చుకుందామని ఆశ. దొరకలే. దొరకడు.

నాలుగు దినాల సంది ఇదే ఆలోచన. నేను నోరు మూసుకుంటే శనివారం నువ్వొస్తవు. ఆ మాట మీ అమ్మకు చెప్పిన గనక ఆమె ఆదివారం డ్యూటీ మార్చుకున్నది. నీ మంచం కింద ఊడ్చింది. నువ్వు రెండు దినాలుంటవు, ఇద్దరం కలిసి చందానగర్ గల్లీలన్ని తిరుగుతం, నేను ఒక్కొక్క ఇల్లు చూపెట్టుకుంట "ఇది గాదేమో" అంట. సోమారం నువ్వు ఉత్త చేతులతోని పోతవు. నీ నౌకరి పోతది. పదకొండు నెలలు క్రిస్మస్ లేక, ఆదివారం లేక, కొండ లోపల చేసిన నౌకరి.

గా తాసిల్దారును నేనే, బిడ్డా.

మల్లమ్మే మాటల నడుమ చెప్పింది, ఎవరన్న పెద్ద మనిషి బుక్కుల రాస్తే షిఫ్టోళ్లనే ఆయన ఇంటికి పంపి సమాధానం చెప్పిస్తరని. నా కండ్లు మెరిసినయి. బుక్కు తెమ్మన్న. "రాయొస్తదా తాతా?" అన్నది. మూడు దాంక చదివిన, పెన్ను ఇయ్యి అన్న. ఉత్త ఏసురత్నం రాస్తే ఎవడు చూస్తడని తాసిల్దారునైన. బోరబండ రాస్తే నువ్వు పసిగడుతవని చందానగర్ రాసిన. రేషన్ కార్డు మీద ఆఫీసరు పెట్టిన సంతకం యాది చేసుకొని గట్లనే రెండు వంకలు తిప్పిన. హైదరాబాద్ పంపిస్తరు, ఛార్జీలు వాళ్లే పెట్టుకుంటరు, ఆ మనిషి దొరకక మా పిలగాడు మన ఇంటికే వచ్చి అన్నం తింటడు అనుకున్న. బస్సుల వచ్చేటప్పుడు దారంత నవ్వుకుంటనే ఉన్న. మెమోలుంటయని, పర్మినెంటు ఉంటదని నాకు తోచలే. నీ ఉత్తరంల ఆ కాయితం చదివినంకనే ఎర్కైంది.

ఈ ఉత్తరం డబ్బాల ఏస్తే ఆలస్యమైతది. ఇప్పుడే ఇమ్లిబన్ బస్టాండుకు పోయి మీ దిక్కు వచ్చే బస్సు డ్రైవరు చేతిల పెడుత. దీంట్లనే మీ పెద్ద సారుకు ఇంకో కాయితం పెట్టిన. పేరు, ఇంటి నంబరు అన్ని నిజమే రాసిన. నీళ్లు ఎక్కించుడు మా పిలగాని పని, వాడు సక్కగ చేసిండు, తప్పు నాది, నన్ను పిలిస్తే వచ్చి నిలబడత అని రాసిన. నా రాత, ఆ బుక్కుల రాత పక్కపక్కన పెట్టి చూసుకొమ్మన్న. నువ్వు సిగ్గుపడకుండ తీస్కపోయి ఇయ్యి. శనివారం రావద్దు. లీవు ఉత్తగ పోనియ్యకు. మీ అమ్మకు నేనే చెప్పుకుంట, మీ నాయనకు గూడ.

నన్ను తిట్టేదుంటే ఉత్తరంల తిట్టు. జర పెద్దగ తిట్టు, రెండు మూడు కాయితాలు రావాలె. పొద్దంత చదువుకుంట.

ఇట్లు,
నీ తాత
ఏసురత్నం
(ఈ మాటు సంతకం నాదే)