పింఛనుకు జంట ఫోటో

నువ్వు అడవిలోకి పోయినా ఇంటి ముచ్చట నీకే చెప్పాలనిపిస్తుంది. వేళ్లు వంగడం లేదు, ఈ నెలతో బీడీలు చుట్టడం మానేస్తున్నాను.

నిన్న కోరుట్ల కార్ఖానాలో లెక్కలు రాసే మున్షీ నా పీఎఫ్ సంగతి ఎత్తాడు. “అక్కా, పైసలన్నీ ఒక్కపారే తీసుకుంటవా, నెలనెలా పింఛన్ పెట్టుకుంటవా? పింఛనైతే నీ తర్వాత బావకు గూడ అస్తది. ఇద్దరు కలిసున్న ఫోటో కావాలె. ఇంతకు బావ ఉన్నట్టా, లేనట్టా?”

“ఉన్నడు” అన్నాను. బీడీ కట్టలు అప్పజెప్పడానికి వచ్చిన ఆడవాళ్లు తలలు వంచుకున్నారు.

నువ్వు అడవిలోకి పోయిన ఆ ఏడాదే పోలీసులు మన పెళ్లి ఫోటోలో నీ సగం కత్తిరించుకుపోయి వాళ్లు వెతుకుతున్నవాళ్ల ఫోటోల పక్కన ఠాణా గోడకు అంటించారు. అంగడికి పోయిన ప్రతిసారీ దూరం నుంచి చూసుకునేదాన్ని. అది అక్కడుంటే నువ్వింకా దొరకలేదని ధైర్యం.

ఇవాళ దాన్ని చూద్దామనే పోయాను. మిగతావాళ్ల ఫోటోలన్నీ ఉన్నాయి. నీది ఉన్నచోట ఎండిన జిగురు ఉంది. ఎందుకు తీశారని ఎవరినడగను?

రేపు మున్షీ మళ్లీ అడుగుతాడు. చూపించడానికి నా దగ్గర నా సగమే ఉంది.