ఆకురాయి క్లాసు

ప్రియమైన మావయ్యా,

మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? మా యూనివర్సిటీ చరిత్ర రాసే పని నా నెత్తిన పడింది. చరిత్ర పాఠాలు చెప్పేదాన్ని కదా, తప్పించుకోలేకపోయాను. రాస్తుంటే మాత్రం గర్వంగా ఉంది. రేకుల షెడ్డులో ఫిట్టర్లకీ వెల్డర్లకీ పని నేర్పిన టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్, ఈ రోజు వైద్యం, న్యాయశాస్త్రం, సంగీతం దాకా చెబుతోంది!

కానీ ఒక గొడవ వచ్చిపడింది. ఏ కోర్సులో చేరినా మొదటి ఏడాది ఇనపముక్కని ఆకురాయితో రుద్ది చదును చేయాలి కదా, మూలమట్టం ఆనిస్తే సందులోంచి వెలుతురు కనబడకుండా. ఆ క్లాసు ఎత్తేస్తారట. వేళ్లు పాడవుతున్నాయని సంగీతం పిల్లలు అర్జీ పెట్టారు. వచ్చే వారం పాలకమండలి సమావేశం. మొదటినుంచీ ఆ క్లాసు నేర్పినవాడివి నువ్వు. వచ్చి నాలుగు మాటలు గట్టిగా చెప్పు. అది పోతే మనం అందరిలాంటి కాలేజీ అయిపోతాం.

నీ మేనకోడలు

కోడలు పిల్లకి మావయ్య ఆశీస్సులు.

మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. ఇంట్లో నా మాట వినేవాళ్లు ఎవరున్నారులే.

నేను రాను. వచ్చినా ఆ క్లాసు తీసేయమనే చెబుతాను. కోప్పడకుండా చదువు. మొదటి ఏడాది మనకి యంత్రాలు రాలేదు. ఉన్నవల్లా ఆకురాళ్లు, ఇనపముక్కలు. చేరిన పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టలేక తొలి ప్రిన్సిపాల్ గారు ఆ పని పెట్టారు. యంత్రాలు లేక చేసినదాన్ని మనం ఆచారం చేసుకున్నాం.

అసలు గొప్పతనం ఆయనది. అంత చదువుకున్న మనిషి కోటు విప్పి, పిల్లల పక్కన నిలబడి నా దగ్గర నేర్చుకునేవారు. "మాస్టారూ, మళ్లీ వంకర పోయిందండీ" అని అందరి ముందూ అనేవారు. ఆయన ముక్క ఏనాడూ తిన్నగా రాలేదు. రానిది అడగడానికి సిగ్గుపడక్కర్లేదని పిల్లలకి మాత్రం తెలిసొచ్చింది. చేతనైతే దాన్ని నిలబెట్టండి. పాపం, సంగీతం పిల్లల వేళ్లని వదిలేయండి.

మీ మావయ్య

ప్రియమైన మావయ్యా,

నీ ఉత్తరం చూసి ఒళ్లు మండింది. ముఖం మాడ్చుకుని తిరిగాను. చివరికి దాన్నే సమావేశంలో చదివాను. క్లాసు తీసేశారు.

అందరూ లేవబోతుంటే మా వైస్ ఛాన్సలర్ గారు "కూర్చోండి. పిల్లల్ని వదిలేశాం, మనల్ని వదల్లేదు" అన్నారు. ఆవిడ లెక్కల మనిషి, ఊరికే ఏదీ అనరు. ఇకనుంచి ఇక్కడ పాఠం చెప్పే ప్రతివాళ్లూ ఏటా తమకి రాని విద్య ఏదో ఒకటి, పిల్లల పక్కన కూర్చుని నేర్చుకోవాలట. నాకు వెల్డింగ్ పడింది, నవ్వకు! ఆవిడ ఏరికోరి ఆకురాయి తీసుకున్నారు. నేర్పడానికి నువ్వే కావాలట, కారు పంపుతారట. వస్తావా?

నీ కోడలు పిల్ల

కోడలు పిల్లా,

కళ్లజోడు దొరక్క మీ అత్తయ్య చేత చదివించుకున్నాను. మధ్యలో నాకు కళ్లు చెమర్చాయి. ఆవిడ చూడనట్టు చదువుతూ పోయింది.

వస్తాను. వంకర పోతే ఎంతటివాళ్లదైనా వంకరే అంటానని ముందే చెప్పు.

ఒక చిక్కుంది. పాఠం చెప్పే ప్రతివాళ్లూ అన్నారు కదా? అంటే అందులో నేనూ ఉన్నట్టే. ఆ ఆవరణలోనే నా జుట్టు నెరిసింది. అయినా ఒక్కనాడూ బెంచీ మీద కూర్చుని పాఠం విన్నది లేదు. కిటికీల పక్కనుంచి వెళ్తూ చెవిన పడిన ముక్కలే నా చదువు. నీ చరిత్ర క్లాసులో నాకింత చోటు చూడు.

ఏ పుస్తకం తెచ్చుకోవాలో రాయి.

మీ మావయ్య