నీ కారు పాసయింది

చిన్నా,

నువ్వు పోయాక మూలపడిన నీ కారు ఈరోజు పొగ పరీక్షలో పాసయిందిరా. ఈసారీ తప్పితే పాత ఇనుము కొనే కబాడీకి ఇచ్చేస్తానన్నారు మీ నాన్న.

ఖుర్సీపార్‌లో మెకానిక్కు షెడ్డున్న నీ దోస్తు శీను కారు కిందకి దూరి, పొగని శుభ్రం చేసే డబ్బాని విప్పేశాడు.

"అది తీసేస్తే పొగ ఎక్కువవదేటిరా?" అని కసిరాను.

"ఢిల్లీ కారమ్మా ఇది. మన సీసం కలిసిన పెట్రోలు పడక డబ్బా మూసుకుపోనాది. బండికి ఊపిరాడాలి కదేటి!" అన్నాడు.

పరీక్ష చేసినాయన "పాస్ హో గయా, మాతాజీ" అనేసరికి నా ప్రాణం కుదుటపడింది. ఆ డబ్బాని పారేయనివ్వలేదు. విశ్వకర్మ పూజకి కారుతోపాటు దానికీ బొట్టు పెడతాను.

తిరిగొచ్చేటప్పుడు మీ నాన్నే నడిపారు. నీ పొడుగు కాళ్లకోసం వెనక్కి జరుపుకున్న సీటు అలాగే ఉంది. ముందుకి లాక్కోమన్నాను.

"ఉండనీ" అన్నారు. ఇంటిదాకా సీటు అంచునే కూర్చుని వచ్చారు.

మీ అమ్మ