బర్రెల కొట్టంలో మెంతి మడులు

బాపూ,

నువ్వు పోయిన ఏడాదికి, నీ బర్రెల కొట్టంలో మెంతికూర మొలిచింది.

కడిగిన నీళ్లు నిలవకూడదని నువ్వు నేలకు పెట్టిన వాటం మరిచి, పైరేకులు విప్పేసిన కొట్టంలో మొదటి మడిని వాలు వెంబడే కట్టాను. ఒక్క వానకు విత్తనాలన్నీ కిందికి కొట్టుకుపోయాయి.

చాంద్రాయణగుట్ట మేస్త్రీ యూసుఫ్ భాయ్ నవ్వి, "కింది దిక్కు గోడ జర ఎత్తు లేపమ్మా. బాపు పెట్టిన వాటం మాత్రం చెడగొట్టకు" అన్నాడు. అట్లాగే షాబాద్ బండలతో మూడు మెట్లుగా కట్టాం. నీ పుణ్యమా అని మట్టి కొనే పనే పడలేదు. కొట్టం వెనక నీ పేడకుప్ప మాగి నల్లటి మట్టయింది.

పేడ చేతులతో నిన్ను గడప దాటనివ్వని అమ్మే నిన్న మొదటి కట్ట కోసింది. మట్టి చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని, "మీ బాపు పాలు పిండి ఇంట్లకొచ్చినట్టే ఉన్నదే" అన్నది.

సాయంత్రం దాకా ఆ చెయ్యి కడుక్కోలేదు.