నేరేడు మాను చప్పుడు

శ్రావణ సోమవారం. పొద్దుటి నుంచి ముసురు. వాకిట్లో నిలిచిన నీళ్లకు కాలువ తీశాను.

సుగుణా, నువ్వు నాటిన నేరేడు లోపల పుచ్చిందని, ఇంటి మీద పడుతుందని కొట్టేయడానికి మనుషుల్ని పిలిచాను. గొడ్డలి ఎత్తేలోపు పక్కింటి మల్లయ్య బావ వచ్చాడు. గనిలో పనిచేసిన రోజుల్లో పైకప్పును తట్టి చూసినట్టే, ఇనుప కడ్డీతో మానును కింది నుంచి తడుతూ విన్నాడు.

“డొల్లగ మోగుతలేదు బావా. నలబై ఏండ్లు గీ చప్పుడు మీదనే నా పానం నిలిచింది. గా ఎండిన కొమ్మ తీపియ్యి, చాలు. చెల్లె ఉంటే గీ గొడ్డలిని వాకిట్లకు రానిచ్చునా?”

ఆ కొమ్మ ఒక్కటే తీయించాను. చెట్టు నిలిచింది. నువ్వు పోయాక ఇవాళే కడుపునిండా తిన్నాను. బట్టల తీగ మళ్లీ దానికే కడుతున్నాను. నువ్వు ముడి ఎంత ఎత్తులో వేసేదానివో గుర్తు రావడం లేదు.