కొయ్యముఖం కింద గడ్డం

కనజావాలో ఉన్న మా అక్కకు, టోక్యో నుంచి తమ్ముడు జింపాచి దణ్ణం పెట్టి రాసే ఉత్తరం.

ఇక్కడ మేమంతా కులాసా. అక్కడ మీరూ కులాసా అనీ, బావగారు మొన్నటి నో నాటకంలో కొయ్యముఖం పెట్టుకుని దేవకన్య వేషం కట్టి జనాన్ని ఏడిపించారనీ రాశావు. ఆ మాటే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

నా కళ్ళ సంగతి అడిగావు. బాగానే పనిచేస్తున్నాయి, అదే కొంప ముంచింది. ఎండుచేపలు అందాయి. మా ఆవిడ సగం ఇరుగుపొరుగుకు పంచి గొప్పలు పోయింది.

చిత్రకారుడు రోసుయి గారు ఆ రోజు మీ ఊళ్ళో ముందు వరసలో కూర్చుని, బావగారి బొమ్మ గీసుకొచ్చారు. దాన్ని అచ్చు వెయ్యడానికి పలక చెక్కే పని నాకిచ్చారు. మా పద్ధతి నీకు తెలుసుగా, బొమ్మ కాగితాన్ని చెర్రీ చెక్క పలక మీద బోర్లా అంటించి, కుడి ఎడమలు తారుమారుగా చెక్కుతాం. గీత వెంట ఉలి నడిపేవాడికి మనిషి కనిపించడు. పన్నెండు రోజులు చెక్కినా నాకేమీ తట్టలేదు. మొదటి అచ్చు తీసి కాగితం తిప్పి చూశాను. కొయ్యముఖం అంచు కింద కనిపిస్తున్న గడ్డం బావగారిది కాదు. దవడ కింద వేలాడే ఆ కండ లేదు. పైగా ఎడమ పక్కన వడ్లగింజంత గాటు! అది మన చిసేది, నీ కూతురిది!

అక్కా, బావగారికి ఏమైంది? లేవలేని స్థితిలో ఉన్నారా? ఇంత సంగతి నా దగ్గర దాచావా? ఆడవాళ్ళకు చోటులేని ఈ ఆట తండ్రి పేరుతో ఆడపిల్ల ఆడిందని బయటపడితే మీ ఇంటివాళ్ళని ఇక ఏ రంగస్థలమూ ఎక్కనివ్వరు. ఈ బొమ్మేమో రెండు వందలు అచ్చయి ఊరూరా తిరగబోతోంది!

రోసుయి గారు వచ్చేలోగా ఆ గడ్డం మేరకు పలక తొలిచి, కొత్త చెక్కముక్క బిగించి, బావగారి గడ్డం చెక్కాను, కండతో సహా. ఆయన రెండు అచ్చులూ పక్కపక్కన పెట్టుకు చూశారు.

"ఏమయ్యా, నా గీతే దిద్దేంతవాడివయ్యావా?"

"ఉలి జారిందండీ."

"నీ చేతిలో ఉలి జారిందా? ఎవరికి చెబుతావయ్యా!"

ఆ గాటు గురించి నేనాడిన అబద్ధం అది రెండోది. మొదటిది నీతోనే ఆడాను. ఐదేళ్ళప్పుడు చిసే గుమ్మం మెట్టు మీద పడిందని చెప్పాను కదా, కాదు. పిల్లని చూస్తూండమని నువ్వు బజారుకెళితే, నేను ఉలి నేల మీద వదిలేసి కునుకు తీశాను. పిల్ల దాని మీద పడింది. అందుకే ఆ గాటు ఎక్కడున్నా పోల్చగలను. పదిహేనేళ్ళుగా చెప్పే ధైర్యం లేకపోయింది, క్షమించు.

రోసుయి గారు ఇంకేమీ అడగలేదు. "కొత్తదే అచ్చు వెయ్యి" అన్నారు. పాత అచ్చు మడిచి నా చేతిలో పెట్టారు.

"మీ బావ ఆట ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నాను. ఆ రోజు ఆడినట్టు ఆయనెప్పుడూ ఆడలేదు. ఆడిన మనిషికి చెప్పు."



ఆ అచ్చు ఇందులో పెట్టాను. చిసేకి చూపించు, ఆయన మాట చెప్పు, ఉలి సంగతీ చెప్పు. తర్వాత పొయ్యిలో వేస్తుందో దాచుకుంటుందో దాని ఇష్టం. బావగారి సంగతి వెంటనే రాయి. కులాసా అని మాత్రం రాయకు.

ఇట్లు,
రెండుసార్లూ నీ బిడ్డ గడ్డం మీద ఉలి పెట్టిన తమ్ముడు,
జింపాచి